లారీకి ఆముదం పోసిన సోమవారం

“లారీ నోట్లో ఆముదం పోసిందెవరు?”

“నేనే పోసినా. ఏం?”

“ఎంత పని చేసినావవ్వా! అది నోరు కాదు. నీళ్లు పోసే తావు.”

“నోరని నీ నోటితోనే అంటివి కదప్పా ఇప్పుడు. నీళ్లు తాగేదీ అందులోంచే, పొగలు కక్కేదీ అందులోంచే. దాన్ని నోరనక ఇంకేమంటారు?”

“ఇది ఎద్దు కాదు తల్లీ, ఇనుము!”

“ఇనుమయితే కనుమ కాడ దాని బుగ్గ మీద చెయ్యేసి ‘నడువమ్మా, నా తల్లి కదా’ అని ఎందుకు బతిమాలుతావు? నా కొడుకు నాకు చెప్పలేదనుకుంటివా?”

సాయిబు మామ జిడ్డయిన వేలిని ఇంకోసారి వాసన చూశాడు. “మిరియాలు కూడా ఏసినావా?” అని నీరసంగా అడిగాడు.

“మిరియాలు, వాము, శొంఠి, బెల్లం. ఒట్టి ఆముదం ఎవరు పోస్తారు? నాకు ఆ మాత్రం తెలీదా?”

ఆయన మా లారీ డ్రైవరు. ఆమె మా నాయన తల్లి, మా అవ్వ. వాళ్లిద్దరి నడుమ నేను రేడియేటరు మూత రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. అవ్వ పట్టుకోమంది, ఇంకా పెట్టేయమనలేదు.

మొన్న అనంతపురంలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఈ మాటలన్నీ వరుసగా చెవుల్లో పడ్డాయి. కల్యాణ మండపం వాకిట్లో ఒక పాత లారీని నిలబెట్టారు. మూతి పొడుగుది, మా కాలందే. ఎర్రరంగు పూసి, తొట్టి నిండా ప్లాస్టిక్ పూలు నింపారు. వచ్చినవాళ్లంతా దాని ముందర నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నా మనవడికి పాత లారీలంటే పిచ్చి. అన్నం మాట మరిచిపోయి దాని చుట్టూ తిరుగుతూ, “అవ్వా, చూడు, ఇది నీ కాలంది. ఒక్క భాగం కూడా మార్చలేదంట!” అన్నాడు.

నేను దగ్గరికి పోయి వాసన చూశాను. రంగు వాసన తప్ప ఏమీ లేదు.

“నా కాలందయితే దాని వాసన యాడికి పోయిందిరా?” అన్నాను.

వాడికి అర్థం కాలేదు. అద్దంలా మెరిసే లారీని చూసి వాడు పాత లారీని చూశాననుకుంటున్నాడు. పని చేసిన లారీకి వాసన ఉండాలి. మా లారీకి పెట్రోలు వాసన, తడిసిన గోతాల వాసన, వేరుశనగ పొట్టు వాసన, కాగిన నీళ్ల ఆవిరి వాసన, సాయిబు మామ బీడీ వాసన కలిసి ఉండేవి. కళ్లు మూసుకుని అది ఏ వీధిలో ఉందో చెప్పేదాన్ని. దాని సంగతి రాసిపెట్టమని మనవడు పట్టుబట్టాడు. నాలుగో తరగతి దాటని చదువు నాది. కాబట్టి నోటికి వచ్చినట్టే రాస్తాను. పూలు చుట్టను.

మా ఊరు గోరంట్ల పక్క. మా ఇంట్లో తాతల నాటి నుంచి బాడుగ ఎద్దుల బండ్లు తోలేవారు. పోయేటప్పుడు ఊళ్లోని వేరుశనగ మూటలు హిందూపురం మిల్లుకు, వచ్చేటప్పుడు అంగళ్లకు ఉప్పు, కిరసనాయిలు, బెల్లం దిమ్మెలు. వరసగా కరువులు వచ్చి గడ్డి దొరక్కుండా పోయింది. ఎద్దుల పక్కటెముకలు బయటపడ్డాయి. అప్పుడు మా నాయన గడ్డి తినని బండి తెస్తానని బయలుదేరాడు. ఎద్దుల్నీ బండ్లనూ అమ్మేసి, యుద్ధం అయిపోయాక సర్కారు వాళ్లు బెంగుళూరులో వేలం వేసిన లారీల్లో ఒకదాన్ని తెచ్చాడు. మా నాయనకు తోలడం రాదు. యుద్ధంలో అట్లాంటి లారీలే తోలి వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనే సాయిబు మామ. మా వీధిలోనే ఇల్లు తీసుకుని, భార్యను తెచ్చుకుని, మా ఊరివాడైపోయాడు.

లారీకి ముందు భాగమే ఉండేది, వెనక తొట్టి లేదు. మా బండ్లు చేసిన వడ్రంగే తొట్టి కూడా చేశాడు. ఆయనకు తెలిసిన పని బండి పని. అందుకని ముందునుంచి చూస్తే అది యుద్ధం నుంచి వచ్చినట్టు, వెనకనుంచి చూస్తే జాతరకు పోతున్నట్టు ఉండేది. ఎద్దుల కొట్టంలో దానికి తావు చేశారు. తల తగులుతుందని చూరు ఎత్తించారు.

ఎద్దులు వెళ్లిపోయిన రోజు అవ్వ అన్నం ముట్టలేదు. లారీ వచ్చాక చాలా రోజులు దానివైపు చూడలేదు. కొట్టంలోకి పోవలసి వస్తే మొగం పక్కకు తిప్పుకుని పోయేది. ఒకనాడు పొద్దున, మా నాయన లారీ బయటికి తీయబోతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఈ దినం ఏ వారం?”

“సోమవారం మా.”

“సోమవారం మనింట్లో కాడి ఎత్తినారా ఎప్పుడన్నా?”

మా వైపు సోమవారం ఎద్దులకు సెలవు. అది బసవన్న దినం. ఎంత పని ఉన్నా ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, నిమిరి, నీడన కట్టేస్తారు. ఇప్పుడు కూడా పాతకాలం రైతులు పాటిస్తారు, ఎద్దులున్నవాళ్లు.

“ఇది ఎద్దు కాదు కదమ్మా,” అన్నాడు నాయన.

“ఎద్దుల్ని అమ్మి దీన్ని తెస్తివి. వాటి కొట్టంలో పండుకునేకి తావిస్తివి. వాటి చాకిరీ దీనితో చేయిస్తాండావు. వాటి సోమవారం మాత్రం దీనికి ఎందుకియ్యవు?”

నాయన మా అవ్వతో వాదించి గెలిచిన రోజు నేను చూడలేదు. “శుక్రవారం సాయిబన్న నమాజుకు పోతాడు. సోమవారం లారీ పండుకుంటాది. నేను యా దినం పండుకోవల్ల?” అని గొణిగాడు.

కసువు ఊడుస్తున్న మా అమ్మ పొరక ఆపకుండా, “నాకైతే అది అడిగేకి కూడా తీరిక లేదు,” అంది.

అట్లా మా లారీకి సోమవారం వచ్చింది. మా పిల్లలకు అది పండగ. సీట్లో ఎక్కి కూర్చునేవాళ్లం. ఒకరు డ్రైవరు, ఒకరు కండక్టరు, మిగిలినవాళ్లు ప్రయాణికులు. ప్రయాణికులు చాలకపోతే మేకల్ని ఎక్కించేవాళ్లం. ఒక మేక సీటు చిరిగిన చోట మూతి పెట్టి లోపలి కొబ్బరి పీచు సగం తినేసింది. బయట తలుపు పక్కన రబ్బరు బూర ఉండేది. దాన్ని పిసికి అవ్వ చేత తిట్లు తినడం మాకు బెల్లం తిన్నట్టు. సాయిబు మామ మాత్రం ఆ రోజంతా లారీ కింద పడుకుని ఉండేవాడు. గ్రీసు పూసేవాడు, బోల్టులు బిగించేవాడు, కమాను పట్టీలు తట్టి చూసేవాడు. మొదట్లో అవ్వ సోమవారాన్ని చూసి నవ్వినవాడే, తర్వాత ఆ రోజు లేకపోతే తనకు జరగదనేదాకా వచ్చాడు. అవ్వ లెక్కలో అది లారీకి మాలీషు.

మధ్యాహ్నం అమ్మ ఆయనకు సంగటి, ఊరిబిండి పచ్చడి పంపేది. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని తినేవాడు. “మామా, సంగటికి కిరసనాయిలు వాసన రాదా?” అంటే, “అదే నాకు తాలింపు,” అనేవాడు.

ఆ లారీ పెట్రోలు కన్నా నీళ్లు ఎక్కువ తాగుతుందని మా ఊళ్లో చెప్పుకునేవారు. మా ఊరికీ మిల్లుకూ నడుమ ఒక కనుమ ఉంది. కనుమ మొదట్లోనే నిలపాలి. మూత మీద తడి గోతం వేసి, మొగం పక్కకు పెట్టుకుని తిప్పాలి. బుస్సుమని ఆవిరి లేచేది. అది చల్లబడ్డాక నీళ్లు పోయాలి. ఏ నీళ్లంటే, దొరికిన నీళ్లు. ఉప్పు బావి నీళ్లు, చెరువు అడుగున మిగిలిన బురద నీళ్లు, బర్రెలు పొర్లే గుంట నీళ్లు. మనుషులకే మంచినీళ్లు లేని ఊళ్లలో లారీకి మంచినీళ్లు అడిగితే తంతారు. ఎట్లాంటి నీళ్లు పోసినా అది నోరెత్తకుండా తాగిందని అందరూ సంతోషించాం.

నేను చెప్పే ఆ ఏడాది వానలు అంతంత మాత్రమే అయినా కాయ బాగా పట్టింది. ఊరు ఊరంతా వేరుశనగ పెరికి కళ్లాల్లో కుప్పలు పోసుకుని ఉంది. పచ్చికాయలు మట్టిలో తంపట వేసి, మంట పెట్టి కాల్చుకుని తినేవాళ్లం. వీధి వీధికీ ఆ కాలిన మట్టి వాసన. సరిగ్గా అప్పుడే లారీ మొండికేసింది. మునుపు కనుమలో ఒకసారి కాగేది, ఇప్పుడు మలుపు మలుపుకూ కాగుతోంది. సగం మూటలు కనుమ కింద దించి, మిగిలిన సగంతో ఎక్కి, మిల్లులో పోసి, మళ్లీ దిగి రావడం. ఒక లోడుకు రెండు తిరుగుళ్లు, రెండింతల పెట్రోలు. దాని వయసు అయిపోయిందని నాయన అనుకున్నాడు. మూటల బరువు ఎక్కువైందని సాయిబు మామ అనుకున్నాడు.

మిల్లు సావుకారు ఊరుకుంటాడా? టౌనులో ఒకాయన కొత్త డీజిలు లారీ తెచ్చాడు. మీవల్ల కాకపోతే చెప్పండి, మీ ఊరి కాయలన్నిటికీ దాన్నే పంపిస్తానని మనిషితో చెప్పి పంపాడు. ఊరి బాడుగ ఒకసారి చేయి జారితే మళ్లీ రాదు. బాడుగ లేని లారీని మా నాయన ఏం చేసుకుంటాడు? వెనక్కి పోదామంటే ఎద్దులూ లేవు, బండ్లూ లేవు.

ఆ కబురు ఆదివారం వచ్చింది. సోమవారం పొద్దున్నే లారీ తీద్దామని నాయన అంటే అవ్వ ఒప్పుకోలేదు. నాయన విసురుగా కండువా భుజాన వేసుకుని, సావుకారును బతిమాలడానికి బస్సెక్కి హిందూపురం పోయాడు. సాయిబు మామ ట్యూబుకు ప్యాచీ వేయించడానికి సైకిలు మీద గోరంట్ల పోయాడు. అమ్మ చేలో మిగిలిన కాయలు ఏరడానికి పోయింది. ఇంట్లో అవ్వ, నేను.

అవ్వ కొట్టంలోకి వచ్చి లారీ చుట్టూ ఒకసారి తిరిగింది. మూతి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

“ఎక్కేటప్పుడు ఆయాసం వస్తాది. నోట్లోంచి నురుగు కక్కుతాది. ఒళ్లు కాలిపోతాది. దీనికి వేడి చేసినాది పాపా,” అంది నాతో. “ఆముదం పడల్ల.”

అందులో తప్పేముంది? పంట పని ముగిశాక మా ఇంట్లో ప్రతి ఎద్దుకూ వెదురు గొట్టంతో ఆముదం పోసేవాళ్లు. దాంతో కడుపు కడిగినట్టయి, మళ్లీ మేత పడుతుంది. మాకు కూడా ఎండాకాలం నడినెత్తిన అంత ఆముదమే పెట్టేది. వేడికి ఆముదం చలువ. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మా అవ్వ దీపం వత్తిని కూడా గిల్లి వెలిగించే మనిషి. ఏడాదికి దాచుకున్న ఆముదం కుండలోంచి నిండు చెంబు తీసిందంటే, ఆ లారీని ఇంట్లో మనిషిగా ఎప్పుడో కలుపుకుందన్న మాట.

శొంఠి, మిరియాలు, వాము దంచింది. బెల్లం కరిగించింది. ఆముదంలో కలిపి గోరువెచ్చన చేసింది. అటక మీదనుంచి పాత వెదురు గొట్టం దించి దుమ్ము దులిపింది. నన్ను మూత తిప్పి పట్టుకోమని, గొట్టం ఆ రంధ్రంలో పెట్టి కొంచెం కొంచెంగా వంచింది. మూత కిందుగా ఒక రబ్బరు గొట్టం ఇంజనులోకి పోతుంది. ఎద్దు మింగడానికి గొంతు నిమిరినట్టు, ఒక చేత్తో ఆ రబ్బరును పైనుంచి కిందికి నిమురుతూ, “మింగు తల్లీ, మింగు, సేదయినా మింగు,” అంది.

అప్పుడే సాయిబు మామ సైకిలు దిగాడు. మొదట రాసిన తగువు అదే.

తగువు తెగకముందే సాయిబు మామ రేడియేటరు కింది కొళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశాడు. నీళ్లు పోయాయి, ఆముదం పోలేదు. లోపలే అంటుకుని ఉండిపోయింది. ఆయన నేల మీద కూలబడి, “లోపల సన్న సన్న ఇత్తడి గొట్టాలుంటాయవ్వా. నూనె వాటికి పట్టుకుంటే నీళ్లకు గాలి చల్లదనం తగలదు. రేపు కనుమ దాకా కూడా పోదు ఇది,” అన్నాడు.

అంతలో నాయన వచ్చాడు. మొగం వాడిపోయి ఉంది. రేపు మధ్యాహ్నం లోపల నిండు లోడు మిల్లు వాకిట్లో ఉండాలని, లేకపోతే సాయంత్రానికి కొత్త లారీ మన ఊళ్లో ఉంటుందని సావుకారు తేల్చి చెప్పాడట. ఆ మాట చెప్పి, కొట్టంలో గొట్టం, చెంబు, లారీ మూతికి కారిన ఆముదం చూశాడు.

“ఏమి చేసినావు మా?”

“మందు పోసినా.”

   నాయన వెళ్లి ఖాళీగా ఉన్న ఎద్దుల మేత గాటికి ఆనుకుని నిలబడ్డాడు. “రేపు పొద్దున పోయి ఆ కొత్త లారీనే పంపించమని చెప్తా. ఊరోళ్ల కాయలు ఎండలో మాడనీకుండా ఉంటే చాలు. దీన్ని ఎవరన్నా పాత ఇనుముకు కొంటారేమో చూడన్నా,” అన్నాడు సాయిబు మామతో.

అవ్వ వెదురు గొట్టాన్ని కొంగుతో తుడిచి గోడకు ఆనించింది.

చేలోంచి వచ్చిన అమ్మ ఒళ్లోని కాయలు చేటలో పోసి, సంగతంతా విన్నది. లారీ దగ్గరికి వచ్చి ముందరి వలలోంచి వేలు పెట్టి గీకి చూసింది.

“ఇది ఇత్తడి కదన్నా?” అని అడిగింది సాయిబు మామను.

“ఇత్తడే చెల్లెమ్మా.”

“ఇత్తడి బిందెకు జిడ్డు పడితే ఏం చేస్తాం? కాగే నీళ్లలో బూడిద, కుంకుడుకాయ వేసి కడుగుతాం. తర్వాత చింతపండు పులుసుతో తోముతాం. చెయ్యి పట్టదు గానీ, నీళ్లు పోయి తిరుగుతాయి కదా లోపల?”

సాయిబు మామ చటుక్కున లేచాడు. “ఇంజను తిరిగితే నీళ్లూ తిరుగుతాయి. ఫౌజులో సోడా వేసి ఇట్లే కడిగేటోళ్లు!” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “కానీ చానా నీళ్లు కావల్ల చెల్లెమ్మా. తాగేకే లేని ఊర్లో లారీ కడుపు కడిగేకి ఎవరిస్తారు?” అన్నాడు.

“నేనిస్తా ముందు,” అని అమ్మ ఇంట్లోకి పోయి మరుసటి రోజు వంటకు పట్టిపెట్టిన బిందె తెచ్చి అక్కడ దించింది.

అది చూసి అవ్వ కొంగు నడుముకు దోపింది. వీధిలోకి పోయి నిలబడి గట్టిగా అరిచింది. “ఎవరి కాయలు మా లారీలో పోవల్లనో, వాళ్లు ఇంటికొక కడవ తెండి! మీరు తాగే నీళ్లు వద్దు, ఉప్పు నీళ్లు చాలు. తేనోళ్ల మూటలు నెత్తిన మోసుకుని కనుమ ఎక్కండి!”

తిట్టుకుంటూనే తెచ్చారు. ఆడవాళ్లు కడవ దించి వెళ్లిపోకుండా వింత చూడటానికి అక్కడే నిలబడ్డారు. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెళ్లి వంటల గుండిగలో బూడిద తేట, కుంకుడుకాయల పులుసు కాచారు. దాన్ని లారీలో పోశారు. నాయన లారీ ముందరి హ్యాండిలు తిప్పాడు, ఇంజను అందుకుంది. కాసేపటికి లారీ మూతిలోంచి తెల్లటి నురుగు లేచింది. బానెట్టు మీదనుంచి జారి, చక్రాల మీదుగా వాకిలంతా పరుచుకుంది. పిల్లలమంతా కేకలు వేసుకుంటూ అందులో పడి దొర్లాం.

“ఏమవ్వా, నీ కోడలు లారీకి తలంటు పోసిందే!” అని ఒకామె ఎగతాళి చేసింది.

“పోస్తాది. సాంబ్రాణి కూడా ఏస్తాది. నీకేం?” అంది అవ్వ.

ఆ నురుగు నీళ్లను కూడా మా అవ్వ పోనియ్యలేదు. కింది కొళాయి దగ్గర కుడితి తొట్టి పెట్టి పట్టింది. వాటితో చిరిగిన గోతాలు ఉతికింది. నన్ను పిలిచి నా పావడా కూడా ఊడదీసి అందులోనే ముంచింది. ఇప్పుడు నా కోడళ్లు నన్ను పిసినారి అంటారు. నేను ఎవరి మనవరాలినో వాళ్లకు తెలీదు.

రెండోసారి చింతపండు పులుసు పోశారు. ఇంజను తిప్పారు. కొళాయి విప్పితే చాలాసేపు ఏమీ రాలేదు. సాయిబు మామ తీగ పెట్టి పొడిచాడు. గుబుక్కుమని వచ్చింది. ముందు ఎర్రటి బురద. తర్వాత సున్నం గోడ రాలినట్టు తెల్లటి పెచ్చులు. నాచు, గడ్డిపోచలు, నత్త గుల్లలు, వేలెడంత ఎండిన కప్పపిల్ల. ఇన్నేళ్లుగా మేం పోసిన గుంటలూ చెరువులూ ఉప్పు బావులూ అన్నీ అందులోంచి బయటికి వచ్చాయి. కుడితి తొట్టి అడుగున పిడకంత మందాన పేరుకున్నాయి.

సాయిబు మామ ఆ బురదలో చెయ్యి పెట్టి పిండి చూశాడు. “ఇదంతా దీని కడుపులోనే ఉండిందా?” అన్నాడు. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. వయసూ కాదు, బరువూ కాదు.

అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది. “చెప్తి కదప్పా! కడుపులో ఉండేదంతా బయటికి రావల్లంటే ఆముదం పడల్ల అని!”

“ఆముదం కాదవ్వా, చెల్లెమ్మ చింతపండు...” అని సాయిబు మామ మొదలుపెట్టాడు.

“ఆముదం పోయకపోతే మీరు చింతపండు పోసేటోళ్లా?”

  ఆ రోజునుంచి ఊళ్లో ఎవరి కడుపు నొప్పికైనా అవ్వ వైద్యం చెప్పేటప్పుడు, “లారీకే నయమయింది, నీకు కాదా?” అనేది.

చివరిసారి మంచినీళ్ల బావి నుంచి నీళ్లు తెప్పించి, అవ్వ తన పాత చీర కొంగులో వడపోసి నింపింది. అప్పటికి పొద్దు గుంకింది. ఆ తర్వాత వడపోయని నీళ్లు ఆ లారీలో పోయడం నేను చూడలేదు. పోసేవాడి చెవి ఆమె చేతిలో ఉండేది.

నా పెళ్లి మూటలు కూడా ఆ లారీలోనే మా అత్తవారింటికి వచ్చాయి. డీజిలు లారీలు ఎక్కువయ్యాక, పెట్రోలుకు గిట్టుబాటు కాక, చెరువు కట్టకు రాళ్లు తోలింది కొన్నాళ్లు. ఆఖరికి దాని ఇంజను దించి ఒక తోటలో బావి మీద పెట్టారు. లారీగా ఉన్నప్పుడు తాగిన నీళ్లకు బదులు అన్నట్టు, అక్కడ ఏళ్ల తరబడి నీళ్లు తోడింది. లారీ తొట్టి పలకలు నేను అడిగి తెచ్చుకున్నాను. వాటితో మా ఇంట్లో అటక వేయించాను. నా చింతపండు కుండలు ఇప్పటికీ వాటి మీదే ఉన్నాయి. చెదలు పట్టలేదు. సాయిబు మామ లేడు, నాయన లేడు, అవ్వ సరేసరి. హ్యాండిలు తిప్పి ఇంజనును లేపే చేతులు కూడా ఇప్పుడు యాడా లేవు. రంగు పూసి పూలు నింపినవాళ్లు దాని పనిని ఎక్కడనుంచి తెచ్చి పెడతారు? మనవడికి చెప్పాను, నీకు లారీల మీద అంత ప్రేమ ఉంటే, ముందు అది ఏం మోసిందో, ఏం తాగిందో అడుగు, తర్వాత ఫోటో తియ్యి అని.

ఇక లారీ కడుపు కడిగిన మరుసటి పొద్దున సంగతి.

మంగళవారం కోడి కూసే వేళకే మూటలు ఎత్తారు. సగం కాదు, నిండు లోడు. నాయన వద్దన్నా సాయిబు మామ వినలేదు. “ఎక్కితే నిండుగానే ఎక్కల్ల, లేకుంటే లేదు,” అన్నాడు. అవ్వ కంబళి కప్పుకుని వచ్చి, ఎవర్నీ అడక్కుండా ముందు సీట్లో కూర్చుంది. లారీ ఎక్కడం ఆమెకు అదే మొదలు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. దారి పొడుగునా నా భుజం గట్టిగా పట్టుకుంది గానీ, భయం వేస్తోందని అనలేదు.

కనుమ మొదట్లో అలవాటు కొద్దీ సాయిబు మామ కాలు బ్రేకు మీదికి పోయింది.

“నిలపవా అన్నా?” అన్నాడు తలుపు పక్కన నిలబడిన నాయన.

“చూస్తాం,” అని కాలు తీసేశాడు.

లారీ మూలుగుతూ ఎక్కింది. మనిషి నడకంత మెల్లగా ఎక్కింది. మొదటి మలుపు దాటింది.  అందరి కళ్లూ బానెట్టు కొసన ఉన్న మూత మీదే. రెండో మలుపు దాటింది. ఎదురొచ్చిన ఎద్దుల బండ్లవాళ్లు పక్కకు తొలిగి, ఆవిరి కోసం చూసి, రాకపోయేసరికి వెనక్కి తిరిగి మరీ చూశారు. కనుమ కొసకు వచ్చాక సాయిబు మామ లారీ నిలిపి దిగాడు. మూత మీద గోతం వేసి మెల్లగా తిప్పాడు. కొంచెం ఆవిరి వచ్చింది, అంతే. వంగి లోపలికి చూశాడు.

“ఏమంటాది?” అని కేకేసింది అవ్వ లోపల్నుంచి.

“దప్పిక లేదంటాది.”

మిల్లు వాకిట్లోకి పోయేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. సావుకారు బయటికి వచ్చి, పేర్చిన మూటలను కిందినుంచి పైదాకా చూశాడు. రేడియేటరు దగ్గరికి పోయి చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేశాడు.

“ఇంకా ఎంత కాయ ఉండాదప్పా మీ కళ్లాల్లో?”

“ఎంతున్నా మేమే తోల్తాం,” అన్నాడు నాయన.

సావుకారు తలూపి కాటా దగ్గరికి నడిచాడు. హమాలీలు వెనక పలక దించి మూటలు మోయడం మొదలుపెట్టారు.